క్లర్క్‌షిప్‌కి మార్కులు ఉండాలా, పాస్–ఫెయిల్ సరిపోతుందా?

మందులచీటీ (ఫార్మ్‌డీ 5వ సంవత్సరం) · ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

పోయిన నెల మా క్లర్క్‌షిప్ (ఆరేళ్ల ఫార్మ్‌డీలో ఐదో ఏడాది ఆస్పత్రి వార్డుల్లో చేసే శిక్షణ) పోస్టింగ్ జనరల్ మెడిసిన్‌లో. గుండె వాల్వ్ ఆపరేషన్ అయ్యి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న ఒక పెద్దాయనకి విరేచనాలని మెట్రోనిడజోల్ రాశారు. ఆ రెండూ కలిస్తే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే లెక్క) పెరిగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని క్లాసులో పదిసార్లు చదివిందే. కేస్ షీట్లో కనపడగానే గుండె దడ. పీజీ డాక్టరు గారిని వెతికి పట్టుకుని చెప్పేసరికి పదకొండు. ఆయన విసుక్కోకుండా విని ఐఎన్ఆర్ పంపించారు, మందు మార్చారు. ఆ పెద్దాయన భార్యకి ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం వస్తే వెంటనే చెప్పమని నేర్పేసరికి పన్నెండున్నర.

ఆ రోజు లాగ్‌బుక్‌లో కేసు రాయలేదు. మర్నాడూ కుదరలేదు. నెలాఖరుకి నాకు రోజువారీ పనికి 10కి 5. మా గదిలోనే ఉండే అమ్మాయి సీనియర్ల లాగ్‌బుక్ తెచ్చుకుని, వయసులూ పేర్లూ మార్చి, రెండు రాత్రుల్లో ఇరవై కేసులు నింపింది. 9. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, దానికి రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, మార్కులు కావాలి.

నా ప్రశ్న ఒక్కటే. అసలు క్లర్క్‌షిప్‌కి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ పెడితే అందరం నిజంగా వార్డులో పనిచేస్తామా?

---

ఓరుగల్లు_ఇంటర్న్ · ఆదివారం, రాత్రి 11:15

చెల్లె, నీ బాధ సమజైంది. గానీ మార్కులు తీసేస్తే అందరు పనిజేస్తరన్నది వట్టి ఆశ. నేను సాక్ష్యం.

ఇంటర్న్‌షిప్‌ల మాకు మార్కుల్లేవు. ఆర్నెల్లు జనరల్ మెడిసిన్, తర్వాత మూడు డిపార్ట్‌మెంట్లల రెండేసి నెలలు. చివరికి ఒక కాగితం మీద అయిదు అంశాలకు సున్నా నుంచి అయిదు దాక వేస్తరు. దేంట్లనన్న 3 కన్న తక్కువ పడితే ఇంటర్న్‌షిప్ అయినట్టు కాదు. అంటే అసలు సిసలు పాస్–ఫెయిలే. ఏమైంది? మా బ్యాచ్‌ల అందరికి అన్నిట్ల నాలుగులే. పదకొండు కొట్టంగనే సగం మంది టీ బండి కాడ.

కాకుంటే ఒక్కటి మాత్రం నిజం. నాకు మస్తుగ నేర్చుకున్నట్టు అనిపించింది ఆ ఏడాదే. ఐదో సంవత్సరంల సార్ ఏదన్న అడిగితే తెల్వకున్నా ఏదో ఒకటి చెప్పేటోన్ని, తెల్వదంటే మార్కు పోతదని. ఇంటర్న్‌షిప్‌ల "నాకు తెల్వదు సార్, చూసి చెప్త" అనుడు అలవాటయింది. ఆ మాట అన్ననాడే చదువు మొదలైంది నాకు.

---

వార్డు_మేడమ్ (ఫార్మసీ ప్రాక్టీస్ అధ్యాపకురాలు) · సోమవారం, ఉదయం 6:20

మందులచీటీ, నువ్వు మా కాలేజీ అమ్మాయివి కాకపోవచ్చు కానీ ఆ 5 వేసిన చేయి నాలాంటిదే. కాబట్టి సమాధానం చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ముందు లెక్క చూడు. ఫార్మసీ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం క్లర్క్‌షిప్‌కి 100. అందులో 70 ఏడాది చివర పరీక్షకి. మిగతా 30 సెషనల్స్, అంటే మధ్యమధ్యలో కాలేజీలో పెట్టే పరీక్షలకి. ప్రాక్టికల్ సెషనల్ 30లో 20 ఆ సెషనల్ పరీక్ష రోజు ఎలా చేశావన్నదానికి, 10 మాత్రమే రోజువారీ పనికి, రికార్డుకి, వైవాకి, సమయపాలనకి, అన్నిటికీ కలిపి. ఏడాది పొడుగునా రోజూ వార్డుకి రావాలని నిబంధన. ఆ ఏడాదంతటికీ నూటికి పది! ఆ పదిలోనూ ఆ పెద్దాయన దగ్గర నువ్వు చేసిన పనికి విడిగా గడి లేదు.

రికార్డు చూసి ఎందుకు వేస్తామంటే, కనపడేది అదే కాబట్టి. ముప్పై మంది పిల్లలు, నాలుగు వార్డులు, ఇద్దరం. నువ్వు పీజీ గారి వెనక పరుగెత్తినప్పుడు నేను ఇంకో అంతస్తులో ఉంటాను. రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు "ఈ అమ్మాయికి 9 ఎందుకు" అంటే చూపించడానికి కాగితం కావాలి. మంచం పక్కన జరిగినదానికి కాగితం లేదు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. నవ్వుతూ పలకరించే పిల్లలకి తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ పడుతుంది. ఫెయిల్ చేయాలంటే మాత్రం చేయి రాదు. చేస్తే ఇంటి నుంచి ఫోన్లు, ఆఫీసులో వివరణలు. అందుకని 6కీ 9కీ మధ్యలో అందరినీ సర్దేస్తాం. నేను వేసిన మార్కుల్ని నేనే పూర్తిగా నమ్మను.

---

సింహపురి_నాన్న · సోమవారం, ఉదయం 8:05

అమ్మా, నేను ఫార్మసీ వాణ్ని కాదు. మా అమ్మాయి నాలుగో సంవత్సరం చదువుతోంది, అందుకని ఇవన్నీ చదువుతుంటాను. ఆరేళ్ల ఫీజులు, హాస్టల్. రేపు అమెరికా వెళ్లాలంటే మార్కుల జాబితా చూపించాలి కదా. పాస్ అని ఒక్క ముక్క రాస్తే మా పిల్లకీ టీ బండి దగ్గర నిలబడే పిల్లకీ తేడా ఎవరికి తెలుస్తుంది?

---

ఒహాయో_ఆవకాయ (ఫార్మ్‌డీ ఆఖరి సంవత్సరం, అమెరికా) · సోమవారం, ఉదయం 9:30

అంకుల్, నమస్కారం. మీ అమ్మాయి విషయంలో ఒక మాట. అక్కడ ఫార్మ్‌డీ చేసి ఇక్కడికి వచ్చేవాళ్లకి ముందు చూసేది కోర్సు ఎన్నేళ్లదన్నది. 2003 తర్వాత పట్టా తీసుకున్నవాళ్లకి కనీసం అయిదేళ్ల కోర్సు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మ్ వాళ్లు ఆగిపోయేది అక్కడే, ఫార్మ్‌డీ వాళ్లకి ఆ ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఎఫ్‌పీజీఈఈ (బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకి పెట్టే పరీక్ష), టోఫెల్, ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ (లైసెన్సు పరీక్ష). క్లర్క్‌షిప్‌లో 62 వచ్చిందా 78 వచ్చిందా అన్నది లైసెన్సు దారిలో పెద్దగా అడ్డురాదు. అంకుల్, మీరు భయపడేది వేరే చోట.

ఇక అసలు విషయం. ఇక్కడ ఆఖరి సంవత్సరం అంతా రొటేషన్లే (మీ పోస్టింగుల్లాంటివి), కనీసం 1440 గంటలు. కొన్ని కాలేజీల్లో ఏ, బీ గ్రేడ్లు, కొన్నిట్లో పాస్–ఫెయిల్, కొన్నిట్లో పాస్ పైన ఆనర్స్. గ్రేడ్లున్న చోట కూడా రొటేషన్లలో దాదాపు అందరికీ ఏ వస్తుంది, మేడమ్ చెప్పిన కారణాలకే. అందరికీ ఏ వచ్చాక రెసిడెన్సీ (పట్టా తర్వాత చేసే శిక్షణ) వాళ్లు గ్రేడ్ ఎందుకు చూస్తారు? ప్రిసెప్టర్ (రొటేషన్‌లో దగ్గరుండి నేర్పే ఫార్మసిస్టు) రాసిన సిఫార్సు ఉత్తరం చూస్తారు.

నాకు నచ్చింది వేరే. డచ్చి విద్యావేత్త ఓలే టెన్ కేట్ 2005లో వైద్య విద్య కోసం ఒక పద్ధతి చెప్పాడు, 2016 తర్వాత ఇక్కడి ఫార్మసీ కాలేజీలూ అందుకున్నాయి. "ఎంత వచ్చు" అని కాకుండా "ఈ పని నీకు ఎంతవరకు వదిలేయొచ్చు" అని అడుగుతారు. చూస్తూ ఉండడమేనా, నేను పక్కనుంటే చేస్తావా, నేను పక్క గదిలో ఉండొచ్చా, నువ్వు చేశాక చూసుకుంటే చాలా. నా మూడో రొటేషన్‌లో ప్రిసెప్టర్ నా కాగితం మీద డిశ్చార్జ్ కౌన్సెలింగ్‌కి "పక్కన ఉండాల్సిందే" అని రాసింది. ఏ గ్రేడ్ తక్కువైనా అంత గుచ్చుకునేది కాదు. ఎందుకని అడిగితే, "పేషెంట్‌కి ఏం అర్థమైందో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు" అంది. ఆ నెలాఖరుకి పక్క గదికి వెళ్లింది.

---

గోళీసోడా (ఫార్మ్‌డీ 4వ సంవత్సరం) · సోమవారం, మధ్యాహ్నం 1:12

అంతా బాగానే ఉంది గానీ, మార్కులు తీసేస్తే కష్టపడేవాళ్లకి నష్టం కాదా? నేను పొద్దున్నే లేచి చదువుతాను. నాకు డిస్టింక్షన్ కావాలి. పాస్ అంటే ఎవడు చదువుతాడు?

---

ఒహాయో_ఆవకాయ · సోమవారం, రాత్రి 7:50

తమ్ముడూ, అందరికీ వచ్చే అనుమానమే. వర్జీనియా విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో మొదటి రెండేళ్లకి గ్రేడ్లు తీసేసి పాస్–ఫెయిల్ పెట్టి, పాత బ్యాచ్‌తో పోల్చి 2009లో ఫలితాలు అచ్చువేశారు. పిల్లల మనశ్శాంతి మెరుగైంది. లైసెన్సు పరీక్షలోగానీ తర్వాత క్లినికల్ పోస్టింగుల్లోగానీ వెనకబడలేదు. అయితే అవి డాక్టర్ల చదువులో, అదీ తరగతి గది ఏళ్లలో. వార్డులో ఫార్మసీ పిల్లలకి ముక్కకి ముక్క అలాగే అవుతుందని నేననను.

2022 జనవరి నుంచి ఇక్కడి డాక్టర్ల మొదటి లైసెన్సు పరీక్షని కూడా పాస్–ఫెయిల్ చేశారు. పోటీ పోలేదు, రెండో పరీక్ష మీదకి జరిగింది. కాబట్టి పోటీ కోసం నువ్వు దిగులు పడాల్సిన పని లేదు, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది :)

---

పాత_కాంపౌండర్ (36 ఏళ్ల సర్వీసు) · సోమవారం, రాత్రి 8:30

గ్రేడులు, డచ్చివాళ్లు, అన్నీ సరే. ఆరేళ్లు చదివిన పిల్లకి ఆస్పత్రిలో ఉద్యోగం ఏది? ముందు పోస్టులు పెట్టించండి, తర్వాత మార్కుల సంగతి. ఆస్పత్రి నాణ్యతకిచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం పెద్ద ఆస్పత్రులు ఇద్దరు ముగ్గురిని తీసుకుంటున్నాయి, అంతే. మిగతావాళ్లంతా హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదుచేసే) కంపెనీల్లో కంప్యూటర్ల ముందు.

---

నిర్వాహకుడు · సోమవారం, రాత్రి 8:41

పెద్దాయనా, మీ మాట కాదనలేం కానీ ఉద్యోగాలకి వేరే చర్చ నడుస్తోంది. దయచేసి అక్కడ రాయండి.

---

పాత_కాంపౌండర్ · సోమవారం, రాత్రి 8:44

నిజం ఎక్కడ రాసినా నిజమే. సరే, అక్కడికే పోతున్నా.

---

మెడిసిన్_పీజీ_2 · మంగళవారం, రాత్రి 1:55

డ్యూటీలో ఉన్నా, ముక్కలు ముక్కలుగా రాస్తాను.

మా రౌండ్స్‌లో ఫార్మ్‌డీ పిల్లలు పదిమంది వెనకాల నిలబడతారు. తలలు వంచుకుని రాస్తూనే ఉంటారు. పేషెంట్ మొహం చూసేవాళ్లు ఒకరో ఇద్దరో. నిజం చెప్పాలంటే చాలాకాలం వాళ్లని నేను పట్టించుకోలేదు.

ఒక రోజు ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. డెబ్బై ఏళ్ల ముసలావిడ, 45 కిలోలు, క్రియాటినిన్ 1.8. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున రెండు పూటలా రాసి ఉంది. 1.8 చూస్తే పెద్దగా భయం వేయదు. ఆ కుర్రాడు వయసు, బరువు, క్రియాటినిన్‌లతో కిడ్నీల పనితీరు (క్లియరెన్స్) అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ లెక్క కట్టి "క్లియరెన్స్ 20 దగ్గరే ఉంది సార్, 30 లోపు ఉంటే రోజుకి ఒక్కపూటే కదా" అన్నాడు. గొంతు వణుకుతోంది పాపం. చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు. తర్వాత తెలిసిందేమిటంటే వాడికి మూడు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయట.

వాడికి మార్కు వేయమని నన్నెవరూ అడగలేదు. అసలు మీ పిల్లల గురించి మమ్మల్ని ఎప్పుడూ ఎవరూ ఏమీ అడగరు. రోజూ చూసేది మేమే.

లాగ్‌బుక్ మీద ఆశలు పెట్టుకోకండి. 2019లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక మా ఎంబీబీఎస్ వాళ్లకీ లాగ్‌బుక్కులు వచ్చాయి. అవి ఎప్పుడు నిండుతాయో చెప్పాలా? పరీక్షకి ముందు రాత్రి.

---

టొరంటో_బావగారు · మంగళవారం, ఉదయం 7:10

మార్కులు వద్దనే పక్షం కాదు నాది. సరైన పనికి వేయండి అంటాను.

కెనడాలో లైసెన్సు పరీక్ష రెండో భాగం ఆస్కీ. స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో డాక్టర్ల కోసం మొదలుపెట్టిన పద్ధతే. గది తర్వాత గది, ప్రతి గదిలో ఒక నటుడు పేషెంట్‌గా కూర్చుంటాడు, నిమిషాలు లెక్క. నాకు అక్కడ డిస్టింక్షన్. ఇక్కడ మొదటిసారి తన్నేసింది. మందు గురించి ఆపకుండా చెప్పాను, పుస్తకంలో ఉన్నదంతా. అలర్జీలు ఉన్నాయా అని అడగలేదు. ఇంకే మందులు వాడుతున్నావని అడగలేదు. నటుడు రెండుసార్లు దగ్గి సూచన ఇచ్చినా పట్టించుకోలేదు. పాఠం అప్పజెప్పి బయటికొచ్చాను.

రెండోసారి పాసయ్యాను. మధ్యలో నేను కొత్తగా చదివిన పుస్తకం ఒక్కటీ లేదు. మా ఆవిడని కూర్చోబెట్టి రోజూ అరగంట మాట్లాడ్డం సాధన చేశాను. ఆవిడ ఇప్పటికీ "అలర్జీలు ఏమన్నా ఉన్నాయా అండీ" అని ఆటపట్టిస్తుంది.

---

వార్డు_మేడమ్ · మంగళవారం, రాత్రి 9:15

టొరంటో బావగారూ, మీరు చెప్పినలాంటిదే పోయినేడు మా దగ్గర చిన్నగా చేశాం. నటుల్లేరు, ఇంటర్నులే పేషెంట్లు. ఖర్చు టీలు, బిస్కెట్లు.

అందులో బయటపడిన సంగతి నాకు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తట్టలేదు. ఇంటర్నుకి ముందే చెప్పాం, "నువ్వు పల్లెటూరి అవ్వవి, ఇంగ్లీషు ముక్క రాదు" అని. మందు మెథోట్రెక్సేట్, కీళ్లవాతానికి, వారానికి ఒక్కసారి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. క్లాసులో మొదటి ర్యాంకు అమ్మాయి వచ్చింది. "అవ్వా, ఇది వీక్లీ వన్స్ డోస్" అంది. "అంటే ఏందమ్మా?" అంది అవ్వ. "వీక్‌కి ఒక టాబ్లెట్." "వీకంటే?" ఆ పిల్ల బిక్కమొహం వేసింది. తెలుగమ్మాయే, ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ మందుల గురించి ఆలోచించడం మొత్తం ఇంగ్లీషులోనే నేర్చుకుంది, మేమలాగే నేర్పాం.

తర్వాత వచ్చిన కుర్రాడికి మార్కులు అంతంతమాత్రం. "అవ్వా, మీ ఊళ్లో సంత ఏ వారం?" అన్నాడు. "బేస్తవారం." "ఈ గోళీ సంత రోజు ఒక్కటి. సంత లేని రోజు ముట్టుకోవద్దు. ఏదీ, ఎప్పుడేసుకుంటావో నాకు చెప్పు?" అని మళ్లీ ఆవిడతోనే చెప్పించాడు. గదిలో ఉన్నవాళ్లందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

పరగడుపున, అన్నం ముందు, చప్పరించకుండా మింగడం, పీల్చే మందు వాడాక నోరు పుక్కిలించడం, ఇవేవీ మా ప్రశ్నపత్రాల్లో లేవు. పరీక్ష ఇంగ్లీషు, పేషెంట్ తెలుగు. మేం వేసే మార్కు మొదటిదానికే.

---

ఓరుగల్లు_ఇంటర్న్ · మంగళవారం, రాత్రి 9:40

మేడమ్, సంత ముచ్చట సూపర్. మా దోస్తు ఒకడు ఇన్సులిన్ పెన్ను నేర్పుడుల గట్లనే దిట్ట. సూది గుచ్చినంక పది అంకెలు లెక్కబెట్టాలె గదా, వాడు ముసలామెతోని "రామ" అని పదిసార్లు అనిపిస్తడు. ఆమె ఎన్నడు మర్వది. వానికి క్లర్క్‌షిప్ల 54.

---

గోళీసోడా · మంగళవారం, రాత్రి 10:02

ఒప్పుకుంటున్నా, నాకు మెథోట్రెక్సేట్ మీద రెండు పేజీలు వచ్చు, అవ్వకి చెప్పడం రాదు. కానీ అది కూడా మార్కులు పెడితేనే నేర్చుకుంటాం కదా మేడమ్?

---

వార్డు_మేడమ్ · బుధవారం, ఉదయం 6:10

అక్కడే చిక్కు బాబూ. 1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్‌లో బడిపిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి పని మీద రాసిన వ్యాఖ్య మాత్రమే ఇచ్చింది, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ల పని మెరుగైంది, ఆసక్తీ నిలబడింది. రెండూ ఇచ్చినవాళ్లు మార్కు మాత్రమే ఇచ్చినవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనపడగానే పక్కన రాసిన మాటలు వృథా. చిన్నపిల్లలే అనుకోకు, నేను దిద్దిచ్చిన లాగ్‌బుక్ మీద పిల్లల కళ్లు ముందు ఎటు పోతాయో నాకు తెలుసు.

ఈ చర్చ మొదలయ్యాక నాకూ ఒకటి చేసి చూడాలనిపించింది. రేపటి నుంచి రెండు వారాలు మా బ్యాచ్‌లో అంకెలు వేయను. రోజుకి నలుగురితో రౌండ్స్ అయ్యాక మంచం పక్కనే అయిదు నిమిషాలు, రెండు వాక్యాల వ్యాఖ్య. పీజీ గారి మాట విన్నాక, ఆ వార్డు పీజీని కూడా ఒక వాక్యం చెప్పమని అడుగుతాను. ఎలా ఉందో వచ్చి రాస్తాను.

---

వార్డు_మేడమ్ · రెండు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 10:30

మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. గొప్ప కథేం కాదు.

మొదటి రోజే ముగ్గురు వచ్చి "మేడమ్, ఎంతేశారు?" వేయలేదంటే నమ్మలేదు, రహస్యంగా ఎక్కడో వేస్తున్నాననుకున్నారు. ఇద్దరు నాలుగో రోజు నుంచి రావడం తగ్గించారు. టీ బండి దాకా నేనూ వెళ్లాను, నిజంగానే అక్కడున్నారు. రెండో వారంలో నాకు వేరే క్లాసులు పడి మూడు రోజులు అసలు కూర్చోలేకపోయాను. అంకె వేయడానికి అర నిమిషం, రెండు వాక్యాలు రాయడానికి మనిషి దగ్గరే ఉండాలి.

మరో పక్క, ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి లాగ్‌బుక్‌లో "ఈ రోజు నేను క్లియరెన్స్ లెక్క తప్పు కట్టాను, ఆడవాళ్లకి 0.85తో గుణించడం మర్చిపోయాను" అని తనే రాసుకొచ్చింది. తను చేసిన తప్పు తనే రాసి తెచ్చిన లాగ్‌బుక్ నా సర్వీసులో ఇదే మొదటిది. ఆ పక్కన ఏం రాయాలో తోచక సంతకం పెట్టాను. ఇంకొకరు అనుమానపు దుష్ప్రభావాల పత్రాలు రెండు నింపారు, సగం సగం నింపకుండా, మందు ఆపిన తేదీతో సహా.

సెషనల్స్‌కి ఆ 10 మార్కులు నేను వేయక తప్పదు. 70 విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఆ పదిలో అయిదు మంచం పక్కన చూసినదానికి ఇద్దామని మా విభాగాధిపతిని అడిగాను. "రాసివ్వండి, చూద్దాం" అన్నారు.

---

మెడిసిన్_పీజీ_2 · శుక్రవారం, రాత్రి 11:50

పీజీ చెప్పే ఒక్క వాక్యం మాత్రం ఆపకండి మేడమ్. మాకు పెద్ద పని కాదు. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపమన్నా పంపుతాం. రాయమంటేనే కుదరదు.

---

సింహపురి_నాన్న · శనివారం, ఉదయం 7:30

మా అమ్మాయికి ఫోన్లో "నువ్వు మీ అమ్మమ్మకి ఆవిడ మాత్రలు తెలుగులో చెప్పగలవా" అని అడిగాను. నవ్వింది. సెలవులకి వస్తోంది, అమ్మమ్మకి ఏడు రకాల మాత్రలున్నాయి. చూద్దాం.

---

మందులచీటీ · శనివారం, రాత్రి 9:20

అందరికీ థాంక్స్. మేడమ్, మీరు మా కాలేజీలో ఉంటే బాగుండేది. నా 5 ఇంకా 5గానే ఉంది, అడగడానికి వెళ్లలేదు.

వచ్చే గురువారం బయటి ఎగ్జామినర్ వచ్చే ఎక్స్‌టర్నల్ పరీక్ష. ఓరుగల్లు అన్నా, కేసు ఎలా ఇస్తారు? మనమే ఎంచుకోవచ్చా?

---

ఓరుగల్లు_ఇంటర్న్ · శనివారం, రాత్రి 9:35

మాకైతే చీటీలు తీపిచ్చిండ్రు చెల్లె. ఎంచుకునుడు లేదు. కేస్ షీట్ చేతికియ్యంగనే ముందుగాల క్రియాటినిన్, బరువు చూస్కో, తర్వాత మందుల పట్టీ. సార్ ఏదన్న అడిగితే రాకపోతే రాదని చెప్పు, ఎక్కడ చూస్తవో చెప్పు. మా ఎక్స్‌టర్నల్ దానికి ఏమనలే. మీ ఆయన ఎట్లుంటడో మరి.

వార్ఫరిన్ కేసు పడితే నీదే రాజ్యం.